తాగుడు యావ: బుద్ధి లోపమా, జబ్బా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, వాయిదాల లెక్క అయ్యాక మనం ఎక్కువగా చెప్పుకునేది ఇంట్లో తాగుడు గురించే. "వాడికి బుద్ధి లేదు" అని ఒకరంటే, "పెళ్లాం సరిగా చూసుకోలేదు" అని ఇంకొకరంటారు. డాక్టర్లు చెప్పేది వేరు.

మొదటిది వంశం. తాగుడు జబ్బున్నవాళ్లకు పుట్టి, పసితనంలోనే దత్తు వెళ్లిన మగపిల్లలను డెన్మార్క్‌లో పరిశీలించారు. 1973లో ఫలితం చెప్పారు. కన్నవాళ్ల దగ్గర పెరగకపోయినా, మిగతా దత్తపిల్లలకంటే వాళ్లలో ఈ జబ్బు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. అయినా వందకు ఎనభైమందికి పైగా బాగానే ఉన్నారు. ముప్పులో దాదాపు సగం జన్యువులది, మిగతాది పెరిగే తీరుది, పరిసరాలది. కాబట్టి తండ్రి తాగితే కొడుకు రాత కూడా అంతే అనుకోవద్దు. మొదటి చుక్క ఎంత ఆలస్యమైతే అంత మంచిది.

రెండోది స్వభావం. ముందూవెనకా చూడకుండా తోచింది చేసేవాళ్లకు ముప్పు ఎక్కువ.

మూడోది ఒత్తిడి. అప్పు, పంట నష్టం, గొడవ వచ్చినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. తాగితే కాసేపు తేలికనిపిస్తుంది. ఏళ్ల తరబడి తాగితే ఆ ఏర్పాటే గాడి తప్పుతుంది. తాగకపోతే వణుకు, చిరాకు, నిద్ర పట్టకపోవడం. అప్పుడు సుఖం కోసం కాదు, ఆ బాధ పోవడానికి తాగుతారు. మానేసిన నెలల తర్వాత కూడా చిన్న గొడవకే యావ పుట్టేది ఇందుకే.

మరి మనమేం చేయాలి?

రోజూ బాగా తాగేవాళ్లను ఒక్కసారిగా మాన్పించొద్దు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో చూపించి మాన్పించాలి. తెలియకుండా కూరలో మందుబిళ్ల కలపొద్దు. దాని మీద తాగితే ప్రమాదం. యావ తగ్గించే మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. యావ జబ్బే, కానీ కొట్టడం జబ్బు కాదు. చెయ్యెత్తితే 181కి ఫోన్ చేయండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద లేచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దుకాణం మూయించడం మనకు తెలిసిన పనే. లోపలి యావకు వైద్యం చేయించడం ఇప్పుడు నేర్చుకోవాలి. ప్రతి గ్రామ సంఘం నెలకో మీటింగులో దీనికి అరగంట కేటాయించాలని, వైద్యానికి వెళ్లే ఇంటికి తోడుగా ఒక సభ్యురాలిని పంపాలని కోరుతున్నాం.