గోడకు తాను గోడనని తెలియాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చేసే ఉద్యోగం ఏమిటో అందరికీ అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పమన్నారు కార్యదర్శిగారు. కట్టి ఉన్న భవనాలను కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. దీన్ని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు, పొట్టిగా బిమ్. మామూలు ప్లానులో గోడ అంటే రెండు గీతలు. బిమ్‌లో గోడ గోడగానే ఉంటుంది. దాని మందం ఎంత, ఇటుకా రాయా, పైకప్పు బరువు మోస్తుందా, ఏయే గదుల మధ్య ఉంది అన్న వివరాలన్నీ దానితోనే ఉంటాయి. కొత్త భవనానికి ఇది తేలిక. గీసేటప్పుడే పేరు పెట్టి గీస్తాం. చిక్కంతా పాత భవనాలతోనే.

పాత భవనంలో లేజర్ స్కానర్‌ను నిలబెట్టి తిప్పితే కనబడినంత మేరా లక్షల బిందువులను కొలుస్తుంది. ఆ బిందువులను చిన్న చిన్న త్రిభుజాలుగా కలిపితే వల లాంటి ఉపరితలం వస్తుంది. అదే మెష్. త్రిభుజాలే ఎందుకంటారా? ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం పోతుంది. ఈ బడి బల్లల మీద కూర్చుని నేర్చుకున్న లెక్కే నాకు ఇవాళ అన్నం పెడుతోంది.

అయితే మెష్‌కు ఆకారం తెలుసు గానీ, అది దేని ఆకారమో తెలియదు. గోడ, బీరువా, కిటికీకి ఆరేసిన తువ్వాలు, దాని లెక్కలో అన్నీ త్రిభుజాలే. వాటికి పేర్లు పెట్టడమే వర్గీకరణ. ప్రతి త్రిభుజానికీ ఒక లంబరేఖ గీయండి. అది పైకి చూస్తే నేల కావచ్చు, కిందికి చూస్తే పైకప్పు, పక్కకు చూస్తే గోడ. కానీ బల్ల పైభాగం కూడా పైకే చూస్తుంది. అందుకని ఎంత ఎత్తులో ఉంది, వైశాల్యం ఎంత, పక్కన ఏముంది అని కూడా అడగాలి. ఇప్పుడు కృత్రిమ మేధ ఈ పనిలో చాలా సాయం చేస్తోంది. అయినా చివర్లో మనిషి చూడాల్సిందే. బరువు మోసే గోడకు వట్టి అడ్డుగోడ అని పేరు పడితే, రేపు ఎవరో దాన్ని పగలగొట్టి తలుపు పెడతారు.

బిమ్ వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఐఎఫ్‌సి అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో గోడకు, స్లాబుకు, తలుపుకు, మెట్లకు వేరువేరు పేర్లున్నాయి. ఏ పేరులోనూ ఇమడని భాగానికి ‘ప్రాక్సీ’ అనే పేరు కూడా ఉంది. తోచిన పేరు తగిలించడం కన్నా ఇంకా తేలలేదని రాసిపెట్టడం మేలు.

ఇక రెండో పని, కలపడం. ఒక్క చోటి నుంచి అంతా కనబడదు కాబట్టి చాలా చోట్ల నుంచి స్కాన్ చేసి అతకాలి. 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ టర్క్, మార్క్ లెవాయ్ ఒక మట్టి కుందేలు బొమ్మను పది వైపుల నుంచి స్కాన్ చేశారు. ఒకదాని మీద ఒకటి పడిన భాగాలను కత్తిరించి, అంచులను జిప్పు వేసినట్టు కలిపారు. 69,451 త్రిభుజాలతో తయారైన ఆ కుందేలు మా రంగంలో అందరికీ చుట్టమే.

భవనంలో ఇంకో మెట్టు ఉంది. ఒకే తలంలో ఉన్న వేల త్రిభుజాలను ఒకే గోడ ముఖంగా కలపాలి. ఆపైన ఈ గదిలోని ముఖాన్ని, పక్క గదిలోని ముఖాన్ని జత చేయాలి. గోడ మందం ఏ ఒక్క గదిలో నిలబడి చూసినా కనబడదు. రెండు వైపులవాళ్లూ చెప్పింది కలిపితేనే తెలుస్తుంది.

ఎంత తేడా ఉన్నా కలపవచ్చన్నదే అసలు ప్రశ్న. హద్దు మరీ చిన్నదైతే ఒకే గోడ వంద ముక్కలవుతుంది. మరీ పెద్దదైతే నిజం మాయమవుతుంది. 4 మీటర్ల గోడ ఒక్క డిగ్రీ ఒరిగితే పైఅంచు దాదాపు 7 సెంటీమీటర్లు పక్కకు జరిగినట్టు. రెండు డిగ్రీల దాకా తేడాను పట్టించుకోవద్దని మనం కంప్యూటరుకు చెబితే, ఆ గోడను అది నిటారుగా నిలబెట్టేస్తుంది. బొమ్మ ముచ్చటగా ఉంటుంది. ఇంజనీరుకు తెలియాల్సిన ఆ 7 సెంటీమీటర్లే అందులో ఉండవు.

పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు 2010లో లేజర్‌తో కొలిచారు. వంద కోట్లకు పైగా బిందువులు. ఆయన 2018 నవంబరులో కన్నుమూశారు. 2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పు కాలిపోయింది. పునర్నిర్మాణానికి పనికొచ్చిన ఆధారాల్లో ఆయన కొలతలూ ఉన్నాయి. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరుచుకుంది. కొలిచిన రోజున అవి ఇందుకు పనికొస్తాయని ఆయన అనుకుని ఉండరు.

మన పెంకుల బ్లాకును బాగుచేయాలా, పడగొట్టాలా అని సంఘంలో రెండేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. ఏది నిర్ణయించినా సరే, ముందు దాన్ని ఉన్నదున్నట్టు కొలుద్దాం. స్కానింగ్ బాధ్యత నాది. ఒరిగిన గోడను ఒరిగినట్టే చూపిస్తాను. పిల్లలు దారానికి గుండు కట్టి, టేపు పట్టి నా కొలతలను సరిచూడాలి.

మీ అందరినీ కోరేది ఒకటుంది. ఏ గోడ తర్వాత కట్టారో, ఏ కిటికీ మూసేశారో, ఏ గది ఒకప్పుడు వరండానో స్కానర్‌కు తెలియదు, మీకు తెలుసు. ప్రతి బ్యాచి వారూ గుర్తున్నది ఒక కాగితం మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. కచ్చితంగా గుర్తులేకపోతే అదీ రాయండి. దానికి ప్రాక్సీ అని పేరు పెట్టుకుందాం.