ఎడారి ధూళి మీద చిన్న విమానం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియం మాస్టర్లం, తెలుగు ఎక్కడైనా తడబడితే మన్నించాలి.

మొన్న వేసవిలో మా దగ్గర చదివే పిల్లవాడొకడు సురంగల్ రోడ్డు పక్కన ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. గల్ఫ్ నుంచి వాళ్ళ అబ్బా రావలసిన రోజు. అక్కడ గర్దు కమ్మి విమానం కదలలేదట. "సార్, గర్దు కిందనే ఉంటది గదా, పైనుంచి పోతే ఏమైతది?" అన్నాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాం. ఇరాక్ వైపునుంచి వీచే వాయవ్యపు గాలిని అరబ్బులు షమాల్ అంటారు. జూన్, జూలైలలో దాని జోరు ఎక్కువ. ధూళి వేల అడుగులు లేస్తుంది. దాని పైన ఆకాశం నీలంగానే ఉంటుంది, పిల్లవాడు చెప్పింది నిజమే. నిట్టనిలువుగా కిందికి చూస్తే నేల మసకగా ఆనుతుంది కూడా. ఏటవాలుగా ముందుకు చూస్తేనే ఏమీ కనబడదు. పలచటి దుపట్టా ఒక పొరలోంచి మనిషి కనిపిస్తాడు, పది పొరలు మడిస్తే కనిపిస్తాడా? విమానం దిగేది ముందుచూపుతోనాయె. ధూళిలోకి దిగాక నేలకూ నింగికీ మధ్య గీత పోతుంది. విమానం ఒరిగినా ఒళ్ళు మాత్రం సరిగానే ఉన్నామని చెబుతుంది.

1921లో కైరో-బాగ్దాద్ విమాన మార్గానికి మోటారు చక్రాల జాడలే గుర్తు. కొన్నిచోట్ల నాగలితో చాలు కూడా దున్నారు, పైనుంచి కనబడాలని. మన రైతులకు చెబితే నవ్వుతారు గానీ ఇది జరిగిన సంగతే.

ఇండియా-ఇంగ్లండు మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 1930లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి, 17 ఏళ్ళ ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి చిన్న మాత్ విమానాల్లో బయలుదేరారు. రేడియో లేదు. ఈజిప్టులోని అబూకీర్‌లో స్పార్క్ ప్లగ్గులు లేక ఆస్పీ ఆగిపోతే, పోటీదారుడైన టాటాయే తన ప్లగ్గులు ఇచ్చారు. బహుమతి ఆస్పీకే పోయింది. ఆ కుర్రవాడే 1960లో వైమానిక దళాధిపతి అయ్యాడు.

పిల్లవాడి అబ్బా మర్నాడు క్షేమంగా దిగాడు. పిల్లలకు ఈ దారి చూపిద్దామని నక్షా విప్పితే, బస్రా నుంచి దుబాయి దాకా చిరిగి ఉంది. అబ్బా ఎక్కడ, అన్నా ఎక్కడ అని వేళ్ళు పెట్టీ పెట్టీ అక్కడే అరిగింది. సొసైటీవారు కొత్త నక్షా ఒకటి ఇప్పించాలని కోరుతున్నాం. గుడ్డ మీద అతికించినదైతే మంచిది.