కోర్సు లేదు, స్టూడియో లేదు: మెట్టుగూడలో ఉండి బీట్ చేయడం ఎలా నేర్చుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రొడక్షన్ సొంతంగా ఎలా నేర్చుకోవాలో మాట్లాడుకుందాం. నన్ను కలిసిన ప్రతి తమ్ముడూ, చెల్లెలూ అడిగేవి మూడే ప్రశ్నలు. "అన్నా, ఏ కోర్సు చేయాలి? ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ల్యాప్‌టాప్‌కి ఎంతవుతుంది?" ఈ మూడింటికీ నా జవాబు ఒక్కటే. ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ఇది పూర్తిగా వినండి.

నా గురించి రెండు ముక్కలు. నేను మెట్టుగూడలో ఉంటా. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో చెల్లి పోటీ పరీక్షలకు చదువుకుంటుంది. పగలు మొబైల్ షాపులో పని చేస్తా. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నా టైమ్. ఆరేళ్లుగా అంతే. ఆ గంటన్నరలో ఏం నేర్చుకోవచ్చో అదే చెప్తా.

ముందు కొంచెం చరిత్ర. బోర్ కొట్టదు, ప్రామిస్.

మన దేశంలో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే నిన్నమొన్నటి విషయం అనుకుంటారు చాలామంది. కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి దాన్ని ఏర్పాటు చేశాడు. అక్కడివాళ్లు మూడేళ్ల పాటు దాని మీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు బయటి జనం చేతికి ఆల్బమ్‌గా వచ్చింది మాత్రం 2023లో.

తర్వాత 1982. ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అని సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆయన. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ తెచ్చుకుని, రాగాలను డిస్కో బీట్ మీద పెట్టి ఒక రికార్డు చేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఎందుకంటే అమెరికాలో షికాగో కుర్రాళ్లు అదే టీబీ-303తో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టించింది ఆయన తర్వాతే. ఆ మెషీన్ మార్కెట్‌లో ఫెయిలైంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కాబట్టే ఆ కుర్రాళ్ల చేతికొచ్చింది.

ఇక మన తెలుగు వైపు. 1992లో 'రోజా' రాకముందు ఏఆర్ రెహమాన్ కీబోర్డ్ వాయించిన ఆర్కెస్ట్రాల్లో మన రాజ్-కోటి గారిది కూడా ఉంది. అంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, పని చేస్తూ నేర్చుకున్నాడు. మన హైదరాబాద్ నుంచే వచ్చిన మూర్తోవిక్ అనే డీజే, ప్రొడ్యూసర్ 'అంతరిక్ష సంచార్' ప్రాజెక్టులో కర్ణాటక సంగీతాన్నీ ఎలక్ట్రానిక్ సౌండ్‌నూ కలిపి పని చేశాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వాళ్ల కాలంలో కష్టం మెషీన్ దొరకడం. మనకు మెషీన్ జేబులోనే ఉంది. మనకు దొరకనిది పక్కన కూర్చుని "ఇది బాగాలేదు బిడ్డా" అని చెప్పే మనిషి. సొంతంగా నేర్చుకోవడంలో అసలు లోటు అదే. దాన్ని ఎలా పూడ్చుకోవాలన్నదే ఈ ఎపిసోడ్.

సరే, టూల్స్. ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్ ఫ్రీ. ఐఫోన్ అయితే గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీ. పాత కంప్యూటర్ ఉంటే ఎల్ఎంఎంఎస్ ఫ్రీ. సింథసైజర్ కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ ఫ్రీ, వైటల్‌కి కూడా ఫ్రీ వెర్షన్ ఉంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట చేయొచ్చు, సేవ్ చేయొచ్చు, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టును కొనే దాకా మళ్లీ తెరవలేరు. అది తెలుసుకుని వాడండి. క్రాక్ వెర్షన్ల జోలికి పోకండి. షాపులో రోజూ చూస్తుంటా, వాటితో వచ్చే వైరస్ మీ ఫొటోలు, పాస్‌వర్డ్‌లు అన్నీ పట్టుకుపోతుంది.

ఏదైనా ఒక్కటే తీసుకోండి. ఆరు నెలలు మార్చకండి.

ఇప్పుడు సౌండ్ అంటే ఏంటో చూద్దాం. యూట్యూబ్‌లో వంద గంటల పాఠాలున్నాయి. నేను మూడు ఉదాహరణల్లో చెప్తా.

ఒకటి, ఆసిలేటర్. అది పచ్చి శబ్దం. ట్యాప్ విప్పితే నీళ్లొచ్చినట్టు ఆగకుండా వస్తూనే ఉంటుంది.

రెండు, ఫిల్టర్. వీధిలో పెళ్లి డీజే మోగుతుంటే ఇంటి తలుపు, కిటికీ మూసేస్తారు. అప్పుడు పాట పోయి "దుమ్ దుమ్" ఒక్కటే మిగుల్తుంది కదా? పైశబ్దాలను తలుపు ఆపేసింది, కింది శబ్దాలు గోడ దాటి వచ్చాయి. లో-పాస్ ఫిల్టర్ అంటే అదే. తలుపు మెల్లగా తెరిస్తే పాట విచ్చుకుంటుంది. డాన్స్ ట్రాక్‌లో డ్రాప్‌కి ముందు జరిగేది చాలాసార్లు ఇదే.

మూడు, ఎన్వలప్. గుడి గంట కొట్టండి. శబ్దం ఒక్కసారిగా పుట్టి, చాలాసేపు మెల్లగా తగ్గుతూ పోతుంది. రైలు హారన్ వినండి. డ్రైవర్ నొక్కినంత సేపు ఒకే బలంతో ఉండి, వదలగానే ఆగిపోతుంది. ఆ పుట్టడం, తగ్గడం, నిలవడం, వదలడం, ఈ నాలుగే ఎన్వలప్‌లో ఉండే నాలుగు బటన్లు. మెట్టుగూడలో ఉన్నవాడికి దీనికి క్లాసు అక్కర్లేదు. రైళ్లున్నాయి, 2017 నుంచి మెట్రో కూడా ఉంది. చెవులు తెరిచి కూర్చుంటే చాలు.

ఈ మూడూ చేతికి రావడానికి ఒక నెల పడుతుంది. రోజూ ఒకే ఒక్క సౌండ్ తయారు చేయండి. ఆటో హారన్, ప్రెషర్ కుక్కర్ విజిల్, ఏదైనా సరే. ఇవాళ విన్నదాన్ని ఇవాళే సింథ్‌లో చేసి చూడండి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా మీకే తెలుస్తుంది. ఇందాక చెప్పిన గురువు లోటు ఇక్కడ కొంత తీరుతుంది. అసలు శబ్దమే మీకు మార్కులు వేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన పాయింట్. ఇంగ్లీష్ పాఠాల్లో నాకు ఇది మన రకంగా చెప్పినవాళ్లు దొరకలేదు.

ఏ యాప్ తెరిచినా మామూలుగా 16 గడులు కనిపిస్తాయి. టీఆర్-808 మీద కూడా 16 బటన్లే. అంటే నాలుగు బీట్లు, ఒక్కో బీటు నాలుగు తునకలు. మన సంగీతంలో దీన్ని చతురశ్ర నడక అంటారు. హౌస్, టెక్నో దీని మీదే నడుస్తాయి. కానీ బోనాల్లో మనం ఎగిరే డప్పు దరువులు చాలావరకు మూడేసి తునకల మీద ఊగుతాయి. అది తిశ్ర నడక.

నేను చేసిన ఒక తీన్మార్ ట్రాక్ మా చిన్నాయన విని ఒకే మాటన్నాడు. "అంతా మంచిగనే ఉంది బిడ్డా. నీ కంప్యూటర్‌కు ఊపు తెలుస్తలేదు." ఆ ఊపు ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. టెంపో 120 అనుకోండి. ఒక బీటు 500 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో తునక 125. మూడు చేస్తే సుమారు 167. తేడా 42 మిల్లీసెకన్లు. కంటిరెప్ప పడే టైమ్ కంటే తక్కువ. కానీ కాళ్లకు తెలిసిపోతుంది.

కాబట్టి సెట్టింగ్స్‌లో ట్రిప్లెట్ గ్రిడ్ అని ఉంటుంది, అది పెట్టుకోండి. ఒక బార్‌కి 12 గడులొస్తాయి. ఆ తర్వాత దెబ్బలన్నీ ఒకే బలంతో వేయకండి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. ఒకటి రెండు దెబ్బలను గీత మీద నుంచి పది మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. అప్పుడు చేతితో కొట్టినట్టు ఉంటుంది.

చిన్నాయన గురించి చెప్పా కదా. ఇక్కడ కొంచెం సీరియస్ విషయం ఉంది.

ఆయన పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో డప్పు, మర్ఫా వాయించేవాడు. మర్ఫా మన హైదరాబాద్‌కి వచ్చిన దారి తెలుసా? నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని గుర్రపు దళం ఉండేది. ఏసీ గార్డ్స్ ఏరియా పేరు అక్కడి నుంచే. ఆ సిద్దీ కుటుంబాలు కాపాడుకుంటూ వచ్చిన వాయిద్యం అది. ఇవాళ కులం, మతం లేకుండా ఏ బరాత్‌లోనైనా మోగుతుంది.

తర్వాత డీజే బాక్సులొచ్చాయి. పదిమంది వాయించే చోట ఒక ల్యాప్‌టాప్, ఒక డీసీఎం బండి. చిన్నాయనకు బుకింగ్స్ తగ్గాయి. నేను రాత్రుళ్లు కూర్చుని చేసే ట్రాక్స్ ఆ బండ్ల మీదే మోగుతాయి. ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నా పని ఆయన పని మీద నిలబడి ఉంది. ఆయన కొట్టిన దెబ్బలాంటి దెబ్బనే నేను ఎక్కడి నుంచో సాంపిల్ ప్యాక్‌లో డౌన్‌లోడ్ చేసి వాడితే, అందులో ఆయనకు ఒక్క రూపాయి రాదు.

అందుకని ఇప్పుడు మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. డప్పు ఆయనది. ఆదివారం పొద్దున డప్పును మంట దగ్గర కాచి శృతికి తెస్తాడు, నేను ఫోన్‌తోనే రికార్డ్ చేస్తా. ఫోన్‌ను డప్పుకి ఎదురుగా పెట్టను, నాలుగైదు అడుగుల దూరంలో కొంచెం పక్కకి పెడతా, లేకపోతే శబ్దం పగిలిపోతుంది. ట్రాక్ మీద ఇద్దరి పేర్లు. వచ్చిన దాంట్లో సగం సగం. ఆ మాట వాట్సాప్‌లో రాసి పెట్టుకున్నాం, ఆయన "సరే బిడ్డా" అని రిప్లై ఇచ్చాడు. పెద్ద అగ్రిమెంట్ లేకపోయినా రాతలో ఉండాలి. చుట్టాలైతే మరీ ఉండాలి.

ఇంకో మాట. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. అంటే బాక్సుల పని కూడా శాశ్వతం అని ఎవరూ అనుకోవద్దు. బాక్సు పోయినా డప్పు తెలిసినవాడు మిగుల్తాడు. మీ బస్తీలో అలాంటి పెద్దమనిషి ఉంటే, ఏ ఆన్‌లైన్ కోర్సు కంటే ముందు ఆయన దగ్గరికి పోండి. అడిగి రికార్డ్ చేయండి. డబ్బులివ్వండి. పేరు వేయండి. పక్కన కూర్చుని బాగాలేదని చెప్పే మనిషి అన్నా కదా, ఆయన మీ గల్లీలోనే ఉండొచ్చు.

హక్కుల గురించి కూడా రెండు మాటలు. సినిమా పాట తీసుకుని రీమిక్స్ చేస్తే వ్యూస్ తొందరగా వస్తాయి. కానీ ఆ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు దాని ఓనర్‌ది. వాళ్లు ఎప్పుడైనా తీయించేయొచ్చు. ప్రాక్టీస్ కోసం ఎన్నైనా చేసుకోండి, నేర్చుకోవడానికి అది మంచి దారే. మీ పేరు మీద బయటికి వదిలేది మాత్రం మీ సొంతదై ఉండాలి.

చివరగా చెవులు. ప్లీజ్, ఇది స్కిప్ చేయకండి. చిన్నాయనకు కుడి చెవి సరిగా వినపడదు. ముప్పై ఏళ్లు అటువైపే పెద్ద డ్రమ్ మోగింది. ఆయనతో మాట్లాడాలంటే ఎడమ పక్కకి వెళ్లి కూర్చుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి వెళ్తే వారానికి నాలుగు గంటలే. హెడ్‌ఫోన్ ఫుల్ పెట్టి రోజూ గంటన్నర కూర్చుంటే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ల్యాప్‌టాప్ పోతే ఈఎంఐలో ఇంకోటి కొనొచ్చు. చెవికి ఈఎంఐ లేదు.

తక్కువ వాల్యూమ్‌లో మిక్స్ చేయండి. పక్కన మనిషి మాట్లాడితే వినపడేంత చాలు. తక్కువలో బాగున్న మిక్స్ ఎక్కువలో కూడా నిలబడుతుంది. స్పీకర్ వాడితే గుర్తుపెట్టుకోండి, మనం ఉండే రెసిడెన్షియల్ ఏరియాలో రూల్ పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45. రూల్ సంగతి అటుంచండి, మా ఇంట్లో అయితే పక్క గదిలో ఒకమ్మాయి పరీక్షకు చదువుతుంది. మన కల కోసం ఇంకొకరి కలను డిస్టర్బ్ చేయొద్దు కదా.

సరే, ఈ వారం మీ పని చెప్తా. ట్రిప్లెట్ గ్రిడ్‌లో 12 గడుల బీట్ ఒకటి. మీ ఇంట్లోనో గల్లీలోనో ఫోన్‌తో రికార్డ్ చేసిన శబ్దం ఒకటి. మీరు సొంతంగా చేసిన బేస్ సౌండ్ ఒకటి. ఈ మూడింటితో 30 సెకన్ల ట్రాక్. ఆదివారం రాత్రికి పూర్తి కావాలి. బాగుండాలని రూల్ లేదు, పూర్తి కావాలి. హార్డ్ డిస్క్‌లో సగం పాటలు రెండొందలున్నా ఏమీ నేర్పవు. పూర్తయిన చిన్న పాట ఒక్కటి చాలా నేర్పుతుంది. పూర్తయ్యాక హెడ్‌ఫోన్‌లో వినొద్దు. అమ్మ ఫోన్ స్పీకర్లో వినండి, తెలిసిన ఆటో అన్న ఉంటే ఆటోలో పెట్టించి వినండి. బేస్ ఎక్కడ మాయమైందో అక్కడ తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్‌తో గొంతు రికార్డ్ చేయడం, దుప్పటి కప్పుకుని చేసే సౌండ్‌ప్రూఫ్ టెక్నిక్ చెప్తా. నవ్వకండి, నిజంగానే పని చేస్తుంది. అప్పటిదాకా చెవులు జాగ్రత్త. ఉంటా మరి.