పనివారి మనస్సు తెలిసికొనుట ఎట్లు?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వీధులు ఊడ్చు పారిశుద్ధ్య కార్మికులు, నీళ్ల ట్యాంకు నింపువారు, వీధిదీపములు చూచువారు, వీరందరును పంచాయతీ పనివారే. వీధి శుభ్రముగా ఉన్నదా అని మనము ప్రతిదినము చూచుచున్నాము. దానిని ఊడ్చువారి మనస్సు ఎట్లున్నదో ఎన్నడైనను చూచితిమా? మనస్సును కొలుచుట సాధ్యమా అని మీరు అడుగవచ్చును. సాధ్యమే. అయితే అడుగు విధము తెలియవలెను.

అమెరికాలో షికాగో నగరము చెంత హాథోర్న్ అను టెలిఫోను పరికరముల కర్మాగారము ఉండెడిది. అక్కడ 1928 నుండి 1930 వరకు సుమారు 21,000 మంది పనివారితో మాటలాడిరి. మొదట ముందుగా వ్రాసికొన్న ప్రశ్నలనే అడిగిరి. పనివారు వానిని విడిచి, తమ మనస్సులోని వేరు సంగతులు చెప్పసాగిరి. అంతట పద్ధతి మార్చి, చెప్పినది అడ్డుపడక వినసాగిరి. ఇది మొదటి పాఠము.

1959లో హెర్జ్‌బర్గ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఒక గ్రంథము ప్రకటించిరి. పిట్స్‌బర్గు ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, లెక్కలు చూచువారిని వారు రెండు సంగతులు అడిగిరి: పనిలో మిక్కిలి ఆనందము కలిగినది ఎప్పుడు? మిక్కిలి బాధ కలిగినది ఎప్పుడు? ఆనందమునకు సాధించిన పని, పొందిన గుర్తింపు ఎక్కువగా కారణములైనవి. బాధకు సంస్థ విధానములు, పైవారి తీరు కారణములైనవి. ఈ విభజన అంత కచ్చితము కాదని తరువాత కొందరు పండితులు వాదించిరి. అయినను ఆ రెండు ప్రశ్నలు మనకు ఉపయోగపడును. బాధ తొలగించుట వేరు, సంతృప్తి కలిగించుట వేరు. జీతము బకాయి పెట్టి శాలువ కప్పినచో ఎవరును సంతోషింపరు.

ఇది సుఖమునకు మాత్రమే సంబంధించినది కాదు. లండన్‌లో 1985లో 10,308 మంది ప్రభుత్వోద్యోగులతో మొదలైన పరిశీలనలో, తమ పనిపై తమకు అధికారము తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చినట్లు తేలినది.

ఇక మన ఊరి సంగతి. అయిదారుగురు పనివారు ఉన్నచోట పేరు వ్రాయని కాగితము వలన లాభము లేదు. ఎవరి మాట ఎవరిదో అందరికిని తెలియును. సర్పంచి ఎదుట నిలబెట్టి అడిగినచో "బాగున్నదండీ" అనియే చెప్పుదురు. కనుక పొరుగు పంచాయతీవారు మన పనివారిని, మనము వారి పనివారిని అడుగుట మేలు. జీతము ఏ తేదీన చేతికందినది? చేతితొడుగులు, బూట్లు, సబ్బు ఉన్నవా? ఆజ్ఞ ఇచ్చువారు ఒకరా, పదిమందా? ఏ వీధి ముందు ఊడ్వవలెనో నిర్ణయించునప్పుడు మీ మాట వినుచున్నారా? పిమ్మట పైని చెప్పిన రెండు ప్రశ్నలు అడిగి, ఊరకుండి వినవలెను.

విన్నది పేర్లు లేకుండ పంచాయతీ సమావేశమున చదువవలెను. వెంటనే చేయదగినది చేయవలెను. చేయలేనిదానికి కారణము వారికి చెప్పవలెను. ఆరు నెలలకు మరల ఆ ప్రశ్నలనే అడిగినచో, మార్పు కలిగినదో లేదో తెలియును. అడిగి మరచుట కంటె అడుగకుండుటయే మేలు. ఒకసారి మోసపోయినవారు రెండవసారి నోరు విప్పరు.

వచ్చు సమావేశముననే ఈ విషయమును చర్చకు పెట్టుడని కోరుచున్నాను.