అనుమతి అడుగు యంత్రము



కార్యాలయమున కాగితము కదలుటకు సంతకము కావలెను. చదువక చేసిన సంతకము ఉన్నను లేనట్లే. ఈ ధర్మము కంప్యూటరునకును వర్తించుచున్నది.

కంప్యూటరు నడకకు మూలమైన ఏర్పాటును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. యునిక్సు అను సిస్టమునందు సర్వాధికారముగల ఖాతాకు 'రూట్' అని పేరు. దాని రహస్యపదమును పదుగురికి పంచుట ప్రమాదకరము. అందుచేత 1980 ప్రాంతమున అమెరికాలో, బఫెలో నగరమందలి న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయమున బాబ్ కాగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ అనువారు 'సుడూ' అను సాధనమును రచించిరి. నేడు దానివలన సామాన్యుడు తన రహస్యపదముతోడనే, తనకు అప్పగించిన పని మేరకు ఆ అధికారమును పొందగలడు. ఎవరు ఏ ఆజ్ఞ నిచ్చిరో చిట్టాకెక్కును.

ఇండ్లలోని కంప్యూటర్లకు ఈ క్రమశిక్షణ ఆలస్యముగా వచ్చినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో పెక్కురు దినమంతయు సర్వాధికారముతోనే పని చేసెడివారు. వారు తెలియక తెరచిన దుష్ట ప్రోగ్రామునకు సైతము ఆ అధికారము సంక్రమించెడిది. 2007 జనవరిలో గృహస్థుల చేతికి వచ్చిన విండోస్ విస్టా దీనికి అడ్డుకట్ట వేసెను. అధికారముగల ఖాతాదారుడును సామాన్యుని హక్కులతోనే పని మొదలిడును. సిస్టమును మార్పవలసి వచ్చినప్పుడు తెర మసకబారి, అనుమతింతురా యను ప్రశ్న నిలుచును. ఆ మసక అలంకారము కాదు. ఆ తెరపై మామూలు ప్రోగ్రాము తనంతట తాను 'అవును' నొక్కజాలదు.

కాని విస్టా మాటిమాటికి అడిగెను. విసిగినవారు చదువకయే 'అవును' నొక్కసాగిరి. కొందరు ఆ ఏర్పాటునే తొలగించిరి. ఆకు కదలినప్పుడెల్ల కావలివాడు కేకవేసినచో, దొంగ వచ్చిననాడు ఎవరు లేతురు? 2009లో వచ్చిన విండోస్ 7 ప్రశ్నలను తగ్గించెను.

ఆ ప్రశ్న ప్రోగ్రాము మంచిచెడ్డలను నిర్ణయింపదు. దాని పేరును, ధ్రువీకృతమైనచో తయారుచేసినవారి పేరును చూపును. తీర్పు గృహస్థునిదే. జీతపు లెక్కలు, బ్యాంకు వ్యవహారములు, పిల్లల ఛాయాచిత్రములు నేడు ఆ యంత్రమందే యున్నవి. కావున పెద్దలు, పిల్లలు ఇరువురును రెండు సంగతులు విచారింపవలెను: ఈ పనిని ఇప్పుడు మనమే ప్రారంభించితిమా? ఈ పేరు మన మెరిగినదేనా? సందేహమున్నచో 'వద్దు' నొక్కుటయే క్షేమము. ఆపిన పనిని విచారించి మరల చేసికొనవచ్చును. ఇచ్చిన అనుమతివలన కలిగిన నష్టమును తీర్చుట అన్ని వేళల సాధ్యము కాదు.