అలక్షితులకు తిలోదకము



యుద్ధభూమిలో ప్రాణములు విడిచిన వీరుని దేహము ఇంటికి రానప్పుడు ఇంటివారు చేయవలసినదేమి? ఇంటివారు లేనిచో, ఉండియు చేయలేనిచో, దేశము చేయవలసినదేమి? ఈ పూట ఈ రెండు ప్రశ్నలను గూర్చియే విన్నవింపదలచితిమి. సైన్యములో బిడ్డలను పోగొట్టుకొన్నవారు మమ్ము పలుమారులు అడిగిన ప్రశ్నలివి.

మహాభారతమున స్త్రీపర్వమును శ్రద్ధగా చదువువారు తక్కువ. యుద్ధపర్వములు విన్నవారు నేరుగా శాంతిపర్వమునకు పోవుదురు. నడుమనున్నది ఏడ్పుల పర్వమని దానిని పక్కన బెట్టుదురు. తెలుగున తిక్కన సోమయాజి రచించిన పర్వములలో అదియు నొకటి. మృతవీరుల యెడ రాజు నిర్వర్తింపవలసిన ధర్మము అందే యున్నది.

యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు ధర్మరాజును అడుగును: నాయనా, చచ్చినవారెందరు? ధర్మరాజు చెప్పిన సంఖ్య 166 కోట్ల 20 వేలు. పదునెనిమిది అక్షౌహిణుల లెక్కకును దీనికిని పొత్తు కుదరదని పండితులు తర్కింతురు. ఆ తర్కము మన కిప్పుడు వలదు. ఆ వెంటనే ధర్మరాజు రెండవ సంఖ్య నొకదానిని చెప్పెను. అది 24,165. వీరు అలక్షితులు, అనగా కానరానివారు. చచ్చిరని చూచినవారు లేరు, బ్రతికియున్నారని చెప్పగలవారును లేరు. కోట్ల లెక్కలో వేలను కలిపివేయుట ఎంత సులభము! ఆయన కలుపలేదు. జాడ తెలియనివారిని వేరుగా, అయిదుగురి వరకు తప్పకుండ లెక్కించెను. గెలిచిన రాజు అటువంటి లెక్క ఉంచుకొనుట మేము మరియొక ఇతిహాసమున చూడలేదు.

అటుపై ధృతరాష్ట్రుని మరియొక ప్రశ్న: తనవారు కలవారికిని, ఎవరును లేనివారికిని విధిపూర్వకముగా దహనము జరుగునా? నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న తండ్రి అనాథుల మాట యెత్తుట గమనింపుడు. ధర్మరాజు వెంటనే ఆజ్ఞ యిచ్చెను. దిక్కులేనిదన్నట్లు ఒక్క దేహమును పాడుకారాదనుట దాని భావము. ఆజ్ఞ పొందినవారిలో కౌరవ పురోహితుడు సుధర్ముడు, పాండవ పురోహితుడు ధౌమ్యుడు ఇరువురును కలరు. విదురుడు, సంజయుడు, యుయుత్సుడు కలరు. నిన్నటి వరకు ఒకరి ఓటమికై ఒకరు జపములు చేసిన పురోహితులు ఆనాడు ఒకే శ్మశానమున నిలిచిరి. చందనము, అగరు, నేయి, నూనె, పట్టుబట్టలు తెప్పించిరి. కట్టెలతో పాటు విరిగిన రథములను, ఆయుధములను గూడ చితులకు చేర్చిరి. రాజులకు వరుసగా దహనము జరిగినది. నానాదేశములనుండి వచ్చి, పేరు చెప్పువారు లేక పడియున్నవారిని గుంపులుగా చేర్చి, నూనెలో తడిపిన కట్టెలతో విదురుడు దహింపజేసెను. ఆ రాత్రి ఒకవంక సామగానము, ఒకవంక స్త్రీల రోదనము వినవచ్చెనని వ్యాసభగవానుడు వ్రాసెను.

ఇక మన కాలమునకు వత్తము. 1965, 1971 యుద్ధములలో నేలకొరిగిన సైనికులలో పలువురకు యుద్ధరంగపు చేరువనే దహనము జరిగినది. ఇంటికి చేరినది తంతి. ఆపైన వారి వస్తువులు, కొందరి అస్థికలు. 1999 కార్గిల్ యుద్ధమున 527 మంది ప్రాణములర్పించినపుడు దేహములను స్వగ్రామములకు చేర్చు పద్ధతి విస్తృతముగా అమలులోనికి వచ్చినది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సేనతో జరిగిన ఘర్షణలో అమరులైన 20 మందిలో సూర్యాపేట వాస్తవ్యుడు కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆయన దేహము లడఖ్ నుండి వచ్చి, జూన్ 18న సూర్యాపేట చెంత కేసారమున అగ్నికి ఆహుతియైనది. కొడుకునకు తండ్రి కర్మ చేయుట లోకవిరుద్ధమైన దుఃఖము. అయినను చేయుటకు దేహమున్నది, పోయుటకు నేయి యున్నది. ఆ మాత్రమును లేనివారి మాటయే మాకు ముఖ్యము.

సియాచిన్ మంచులో 1984న కానరాకపోయిన కుమావూ రెజిమెంటు సైనికుని దేహము 2022 ఆగస్టులో, 38 ఏండ్లకు, దొరికినది. సైన్యపు సంఖ్య చెక్కిన లోహపు బిళ్ళ అతనిని గుర్తు పట్టించినది. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో రోహతాంగ్ ప్రాంతమున అదృశ్యమైన వాయుసేన విమానములోని వారి దేహములు నాలుగు 2024లో గాని కానరాలేదు. అది యుద్ధము కాదు గాని, పోయినది దేశసేవలోనే. 1971 డిసెంబరు 9న డయ్యూ సమీపమున మునిగిన ఖుక్రీ నౌకతో పాటు కెప్టెన్ ముల్లా, మరి 193 మంది సముద్రగర్భమున చేరిరి. వారికి సముద్రమే శ్మశానము.

ఇట్టివారి ఇండ్లలో ఏమి చేయవలెను? శాస్త్రము మౌనముగా లేదు. జాడ తెలియనివాని కొరకు పన్నెండేండ్లు వేచియుండుమన్నది. ఆపైన, దేహము దొరకదని నిశ్చయమైనపుడు, కృష్ణాజినముపై 360 మోదుగ కాడలను మనుష్యాకృతిగా అమర్చి దహింపుమన్నది. ఇది పాలాశవిధి. ఆ విధి జరిగిన పిదప అతడు బ్రతికి వచ్చినచో? దానికిని విధి కలదు. అతనిని ఘృతముతో స్నానము చేయించి, జాతకర్మాదులు మరల చేయవలెను, అప్పుడే పుట్టినవానివలె. మన ఋషులు ఆశను గూడ స్మృతిగ్రంథములనుండి తొలగింపలేదు.

ఇచ్చట ఒక్క మాట గట్టిగా చెప్పక తప్పదు. యుద్ధమున చనిపోయినవానిది దుర్మరణమని, అతడు పీడించునని, శాంతులు చేయింపవలెనని భయపెట్టి, వితంతువులచేత వ్రయము చేయించువారు కొందరు కలరు. ఇది శాస్త్రము కాదు. శత్రువున కెదురుగా నిలిచి మరణించినవానికి యజ్ఞఫలము ఆ క్షణముననే సిద్ధించునని, ఆశౌచము గూడ అప్పుడే తీరునని మనుస్మృతి చెప్పుచున్నది. సూర్యమండలమును భేదించిపోవు ఇరువురిలో యోగి యొకడు, రణమున అభిముఖముగా హతుడైనవాడొకడు అని పెద్దల మాట. అట్టివానిని ప్రేతమని పలుకుటకు నోరెట్లు వచ్చునో మాకు తెలియదు. కర్మ చేయవలెను, అది భయముతో కాదు, ఋణముతో.

శత్రువుల మాట యేమందురా? రావణుడు కూలినపుడు విభీషణుడు కర్మ చేయుటకు సంకోచించెను. వైరము చావుతో తీరినదనియు, నీకెట్లో నాకును అట్లే అనియు రామచంద్రుడు చెప్పి సంస్కారము చేయించెను. కార్గిల్ శిఖరములపై తమవారని ఒప్పుకొనుటకు పాకిస్థాన్ మొదట నిరాకరించిన సైనికులను మన సైనికులు ఇస్లాము సంప్రదాయము ననుసరించి ఖననము చేసిరి. మన విశాఖపట్టణపు సముద్రముననే, 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి వేళ మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ, తొంబది మందికి పైగా నావికులతో ఇప్పటికిని పడియున్నది. మన నౌకాదళము నూతన పరికరములతో దానిని గుర్తించిన సంగతి 2024లో వెల్లడియైనది. గుర్తించియు తాకక విడిచినది, మృతుల గౌరవార్థము. విశాఖ తీరమున విజయస్మారకము చూడబోవువారు, ఎదుటి నీటిలో వారును ఉన్నారని తలచుట మంచిది.

ఇక పేర్ల సంగతి. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి ఇంగ్లండులో మరణించిన హిందూ, సిక్కు సైనికులను బ్రైటన్ పట్టణము వెలుపలి కొండపై దహించిరి. 1921లో అచట పాలరాతి ఛత్రి వెలసినది. కాని వారిలో 53 మంది పేర్లు అచట రాతిపై కెక్కినది 2010లో! ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ఆరంభమైన జాతీయ యుద్ధస్మారకమున స్వాతంత్ర్యానంతరము అమరులైన పాతికవేలకు పైగా వీరుల పేర్లు చెక్కబడియున్నవి. దాని రూపమునకు చక్రవ్యూహము ఆధారమట. అభిమన్యుడు లోనికి పోయి తిరిగి రానిది అదియే గదా, తగిన రూపమే.

రాయి ఢిల్లీలో నున్నది. మన యింట నేమున్నది? మాఘ శుద్ధ అష్టమి యున్నది. భీష్ముడు యుద్ధమున పడినవాడు, సంతానము లేనివాడు. ఆయనకు తిలోదకము వంశమువారు మాత్రమే గాక ఎల్లరును ఇయ్యవలెనని, తండ్రి జీవించియున్నవాడును ఇయ్యవచ్చునని పెద్దలు విధించిరి. రక్తసంబంధము లేని మృతవీరునకు దేశమంతయు పుత్రస్థానమున నిలుచు దినము అది. ఇక శస్త్రహతులకు భాద్రపద బహుళ చతుర్దశి యున్నది. ఈ రెండు తిథులయందును, మీ పితృదేవతల తర్పణము ముగిసిన పిదప, దేశము కొరకు పోయి దేహము దొరకనివారిని తలచి మరి మూడు దోసిళ్ళ నీరు విడువుడు. మీ గ్రామమువాని పేరు తెలిసినచో పేరు చెప్పి విడువుడు. గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రమని చెప్పవచ్చును. పేరును తెలియనిచో, ధర్మరాజు వేరుగా లెక్కించిన ఆ మాటయే చాలును, అలక్షితులని.

స్వస్తి.