మినుము చేలలో బంగారు తీగ – పంచాయతీల కర్తవ్యము
(ప్రసంగ పాఠము)



వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, కోయని చేలోనే మినుములు, పెసలు వెదజల్లుట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు పరిపాటి. మడిలో మిగిలిన పదునే ఆ పైరునకు ఆధారము. కర్నూలు, ప్రకాశం జిల్లాలలో శనగ వేయు రైతు సాళ్ల నడుమ గుంటక తోలి కలుపును చంపగలడు. దుక్కి లేక వెదజల్లిన మన మినుములో గుంటక నడువదు. చేతితో తీయింతమన్నను కూలీలు సమయమునకు దొరకుట లేదు. కావుననే కలుపు మందుల అవసరము కలుగుచున్నది.

ఈ చేలలో ముఖ్యముగా గుర్తింపవలసిన కలుపులు రెండు. ఒకటి ఊద, ఇది గడ్డి జాతి. రెండవది బంగారు తీగ. దీనికి ఆకులు లేవు. మొలచిన కొలది దినములలోనే మినుము మొక్కను పెనవేసికొని, నేలతో సంబంధము తెంచుకొని, ఆ మొక్క రసమును పీల్చి బ్రతుకును. చూచుటకు పసుపుపచ్చని దారపు పోగులవలె నుండును గాని, అది చుట్టిన మొక్క సరిగా కాయదు.

విత్తిన 20–25 దినములకు, కలుపు లేతగా నున్నపుడే, నేలలో పదును ఉండగా మందు కొట్టవలెను. ఊదకు క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతము మందు ఎకరమునకు 400 మి.లీ.; బంగారు తీగకు ఇమాజితాపైర్ 10 శాతము మందు 200 మి.లీ. దేనినైనను 200 లీటర్ల నీటిలో కలుపవలెను. మోతాదు మించినచో పైరు దెబ్బతినును. అదను తప్పినచో కలుపు లొంగదు. ప్రక్క చేనిలో మొక్కజొన్న ఉన్నయెడల ఈ మందుల తుంపర దానిని పాడుచేయును. కావున గాలి లేని వేళ చూచి, చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టుకొని పిచికారి చేయవలెను.

అయితే, సభ్యులారా, ఒక్క రైతు మందు కొట్టినంత మాత్రమున ఈ తీగ ఊరు విడిచిపోదు. దాని విత్తనము నేలలో ఏండ్ల తరబడి చావక పడియుండును. కాలువ నీటితోను, విత్తనపు మినుములతోను చేను నుండి చేనికి ప్రాకును. పశువులు మేసినచో పేడతో మరల పొలమునకే చేరును. కావున ఇది పంచాయతీ పని.

మొదట, విత్తనపు మినుములను జల్లెడ పట్టించుడు. తీగ విత్తనము మినుము గింజకంటె మిక్కిలి చిన్నది గనుక క్రిందికి రాలిపోవును. రాలిన దానిని కాల్చివేయించుడు. రెండవది, విత్తిన ఇరువది దినములకు సభ్యులందరు కలిసి చేలు చుట్టి రండు. తీగ కనబడిన చోట, అది పూయక పూర్వమే, చుట్టిన మొక్కతో సహా పెరికించి తగులబెట్టించుడు. గట్టుమీద గాని, కాలువలో గాని పారవేయనీయకుడు. తెగిన ముక్క మరొక మొక్కను అంటుకొని బ్రతుకగలదు. మూడవది, సందేహము కలిగినపుడు అంగడివాని మాటపై ఆధారపడక, ఆ మొక్కను చేతపట్టుకొని వ్యవసాయాధికారిని గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమును గాని అడుగుడు.

నాలుగు మొక్కల మీది తీగను నేడు ఉపేక్షించినచో, రేపు ఊరి పొలమంతయు దాని పాలగును. వచ్చే గ్రామసభలోనే ఈ విషయమును చర్చించి, చేలు చూచు దినమును నిర్ణయింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.